ఈ "నా నా నా"ని తెలుగులో ఏమంటాం?

— వారం నుంచి బుర్ర తొలిచేస్తోంది. లాస్ ఏంజెలిస్ తూర్పున విట్టియర్ బూలెవార్డ్ మీద పాత షెవ్రొలే ఒకటి, నేలకి ఆనేంత కిందికి దించింది, నడకంత మెల్లిగా పోతోంది. లోపల్నుంచి "నా, న న న నా" అని పాట. దీన్ని ఏమనాలి? ఆలాపన అనడానికి మనసొప్పట్లేదు.

— అది "ల్యాండ్ ఆఫ్ ఎ థౌజండ్ డాన్సెస్" అండీ. 1962లో క్రిస్ కెన్నర్ పాడినదాంట్లో ఈ "నా" లేదు. 1965లో ఈస్ట్ ఎల్.ఏ. చికానో కుర్రాళ్లు (మెక్సికన్ మూలాల అమెరికన్లు), కానిబల్ అండ్ ద హెడ్‌హంటర్స్, చేర్చారు. గాయకుడు పాట ఎత్తుగడ మర్చిపోయి "నా నా" అని అందుకున్నాడని చెప్తారు. మరుసటి ఏడు విల్సన్ పికెట్ అదే పట్టుకున్నాడు, జనానికి ఆయనే గుర్తుండిపోయాడు, అదే నా బాధ. వంత అనండి, బుర్రకథలో "తందాన తాన" లాగా.

— వంత ఎలా అవుతుంది? కథకుడు ఒక మాట అన్నాక పక్కవాళ్లు అందుకుంటే అది వంత. ఇక్కడ దాంతోనే జనం ఊగిపోతారు, మాటలు తర్వాత. అన్నమయ్య "తందనాన" తీసుకోండి, "బ్రహ్మమొకటే" అన్నంత పెద్ద మాట కూడా దాని భుజమెక్కే వస్తుంది. ఆ కీర్తన గురించి రాయమంటే రాత్రంతా రాస్తాను.

— మాస్టారూ, స్తోభం అనే మాట ఉండగా ఇంత వెతుకులాటెందుకు? ఋక్కులో లేకుండా సామగానంలో చేరే అక్షరాలు, హావు హావు అంటూ. కెన్నర్ పాటలో లేనిది హెడ్‌హంటర్స్ గానంలో చేరింది, సరిగ్గా అదే.

— ఇంతకీ ఆయన విన్నది హెడ్‌హంటర్స్‌దేనా? అదే పాట దీ మిడ్‌నైటర్స్ అనే బ్యాండ్ వాళ్లు కూడా ఇచ్చారు. "ద" కాదు, "దీ", ఇంగ్లీషులో రెండు 'ఈ'లు, హ్యాంక్ బల్లార్డ్ మిడ్‌నైటర్స్‌తో పేరు కలవకూడదని. ఇప్పటి బ్యాండ్లు దీ సేక్రెడ్ సోల్స్, దీ సిన్సియర్స్ ఆ దీర్ఘాన్ని ఇంటిపేరులా పెట్టుకున్నారు. ఒక్క అక్షరంలో అరవై ఏళ్ల బంధుత్వం.

— అర్థం లేని అక్షరమంటే నాకు రోసీ హామ్లిన్ "ఏంజెల్ బేబీ"లో "ఊ ఊ". పద్నాలుగేళ్లకు రాసిన కవిత, 1960లో రికార్డు. ఆ పిల్ల గొంతు కాస్త వణుకుతుంది చూడండి, అక్కడే ప్రాణం పోతుంది నాకు.

— అందరికీ థాంక్స్. ఒక్కటి, నేను విన్నదాంట్లో మొదటి "నా" గురువు, తర్వాత మూడు లఘువులు.

— రెండే లఘువులండీ. ఇప్పుడే మళ్లీ పెట్టుకుని విన్నాను.