ట్రిప్‌లో కుక్కపిల్ల పన్ను దిగింది, ఎల్లుండి రిటర్న్. రేబిస్ టీకా ఇక్కడే వేయించాలా, ఇంటికొచ్చాక వేయించొచ్చా?

సంచారి_42

నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి ఒక దీవికి ట్రిప్ వచ్చాం. నిన్న సాయంత్రం బీచ్‌లో రెండు నెలల కుక్కపిల్ల ఒకటి మావాడి కాళ్ళకు అడ్డం పడుతుంటే ఎత్తుకున్నాడు. ఆడుతూ ఆడుతూ అది బొటనవేలు నోట్లో పెట్టుకుంది. కరిచింది అనడానికి కూడా లేదు, నమిలిందంతే. రూమ్‌కి వచ్చాక చూస్తే గోరు పక్కన సూది గుచ్చినట్టు ఒక ఎర్రచుక్క ఉంది, నొక్కితే రక్తం పైకొచ్చింది. టిష్యూతో తుడిచేసి పడుకున్నాడు. "చంటిపిల్లకి రేబిస్ ఏంట్రా" అని నన్నే ఎగతాళి చేస్తున్నాడు. నాకేమో రాత్రంతా నిద్ర లేదు. ఎల్లుండి రాత్రి ఫ్లైట్, మధ్యలో రెండుచోట్ల మారాలి. ఇంటికొచ్చి చూపించుకుంటే సరిపోతుందా? బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అంటే వాడికి అసలు భయం.

గాలిపటం

టెన్షన్ పడకండి బ్రదర్. కుక్కని పది రోజులు గమనించాలి, బాగానే తిరుగుతుంటే ఏమీ అక్కర్లేదు. మా చిన్నప్పటి నుంచీ అంతే.

సూదిమందు_అక్క

గాలిపటం గారూ, మీరు చెప్పింది సగమే నిజం, మిగతా సగం తెలియకే ప్రాణాల మీదకు వస్తుంది. కుక్కకి లక్షణాలు కనిపించడానికి కొద్దిరోజుల ముందు నుంచే లాలాజలంలో వైరస్ ఉండొచ్చు, ఆ లెక్కతో పెట్టిందే పది రోజుల గడువు. అది కూడా ఏం చేయకుండా చూస్తూ కూర్చోమని కాదు, టీకా మొదలుపెట్టి చూడమని. పది రోజులకీ కుక్క బాగుంటే మిగతా డోసులు ఆపొచ్చా అన్నది డాక్టర్ చెబుతారు. వీళ్ళు ఎల్లుండి విమానం ఎక్కేస్తే ఆ బీచ్ కుక్కపిల్లని ఎవరు చూస్తారండీ? ఈ లెక్క కుక్కలకీ పిల్లులకే, కోతులకీ గబ్బిలాలకీ వర్తించదు.

సంచారి గారూ, ఇది చదవగానే మీవాణ్ణి లేపి కుళాయి కింద చెయ్యి పెట్టించండి. సబ్బుతో, ధారగా పారే నీళ్ళలో 15 నిమిషాలు. ఫోన్‌లో టైమర్ పెట్టండి, ఎందుకంటే అందరూ రెండు నిమిషాలు కడిగి పావుగంట అయిందనుకుంటారు. ఒక రాత్రి గడిచిపోయింది కదా అని మానేయొద్దు. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయండి, కట్టు మాత్రం గట్టిగా కట్టొద్దు.

మీరు రాసిన "నొక్కితే రక్తం" అన్న ముక్కే ఇక్కడ ముఖ్యం. ఇలాంటివాటిని డాక్టర్లు మూడు కేటగిరీలుగా చూస్తారు. చర్మం తెగకుండా నాకితే మొదటిది, దానికి టీకా అక్కర్లేదు. రక్తం రాని గీత రెండోది, టీకా చాలు. పన్ను చర్మంలోకి దిగి రక్తం వస్తే మూడోది, చుక్క ఎంత చిన్నదైనా సరే. దానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. టీకా మన ఒంట్లో యాంటీబాడీలు తయారు చేయించడానికి వారం పైనే పడుతుంది, ఆ లోపు కాపలాకి బయటి నుంచి తెచ్చిన యాంటీబాడీలే ఇమ్యునోగ్లోబులిన్. బరువును బట్టి మోతాదు లెక్కకట్టి గాయం చుట్టూనే గుచ్చుతారు, వేలు మీద కాబట్టి నొప్పిగానే ఉంటుంది, ముందే చెప్పండి. మొదటి డోసు వేసిన 7 రోజుల లోపే ఇవ్వాలి, ఆ తర్వాత ఇచ్చి లాభం లేదు.

చంటిపిల్లకి రేబిస్ ఏంటి అన్నారు కదా, 2019లో నార్వే అమ్మాయి ఒకామె ఫిలిప్పీన్స్ ట్రిప్‌లో దొరికిన కుక్కపిల్లని చేరదీసి, అది ఆడుతూ చేసిన చిన్నచిన్న గాట్లతోనే జబ్బు తగిలి, ఇంటికెళ్ళాక చనిపోయింది. మామూలుగా కుక్కలకి మొదటి రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేస్తారు, అంటే రెండు నెలల పిల్లకి టీకా పడి ఉండే అవకాశం చాలా తక్కువ. లక్షణాలు ఎక్కువగా ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడతాయి, ఏడాది దాటాక వచ్చినవీ ఉన్నాయి. ఒకసారి వచ్చాయా, చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఇంటికొచ్చే దాకా ఆగొద్దు, మొదటి డోసు ఈరోజే అక్కడే.

బొడ్డు చుట్టూ వేసింది గొర్రె మెదడు నుంచి తీసిన పాతకాలపు టీకా. ఇప్పుడు భుజానికి వేస్తారు: మొదటి డోసు వేసిన రోజుని 0 అనుకుంటే 0, 3, 7, 14, 28 రోజుల్లో. కొన్నిచోట్ల చర్మం పొరలోకి కొద్దికొద్దిగా వేసే పద్ధతి ఉంది, దానికి డోసుల లెక్క వేరు. పిరుదుకి వేస్తామంటే మాత్రం వద్దనండి, అక్కడ వేస్తే సరిగా పనిచేయదు.

బ్యాక్‌ప్యాక్_బాబాయ్

అక్క చెప్పినదానికి నా అనుభవం కలుపుతున్నా. నన్ను కోతి కరిచింది, తప్పు నాదే, దాని ముందు బిస్కెట్ ప్యాకెట్ విప్పాను. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో టీకా వేసి "అంతా అయిపోయింది, వెళ్ళండి" అన్నారు. ఇమ్యునోగ్లోబులిన్ సంగతి నేను అడిగితే గానీ ఎత్తలేదు, అడిగితే స్టాక్ లేదన్నారు. చాలా దేశాల్లో అది పెద్ద ఊళ్ళలో తప్ప దొరకదు. ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఎక్కడుందో వాళ్ళే వెతికి పెట్టారు, నాలుగో రోజు వేరే ఊరికి వెళ్ళి వేయించుకున్నా. ఇంకోటి, టీకా సీసా లేబుల్‌కి ఫోటో తీసుకోండి, పేరు, బ్యాచ్ నంబర్, తేదీ కనిపించేలా. ఇంటికొచ్చాక ఇక్కడి డాక్టర్‌కి అదే ఆధారం. నా దగ్గరున్న చీటీ మీద రాత ఎవరికీ అర్థం కాలేదు.

ఇప్పుడు నేను ట్రిప్‌కి ముందే రెండు డోసులు వేయించుకుంటున్నా. అలా వేయించుకున్నా కరిస్తే మళ్ళీ టీకా తప్పదు, కాకపోతే రెండు డోసులతో సరి, ఇమ్యునోగ్లోబులిన్ వేట ఉండదు. మారుమూల ట్రెక్కింగ్‌లకి వెళ్ళేవాళ్ళకి నా లెక్కలో అది బూట్ల కన్నా ముఖ్యం.

గాలిపటం

సరే అక్కా, ఒప్పుకుంటున్నా. మరి ఆ కుక్కపిల్ల సంగతేంటి? ఎవరికైనా చెబితే చంపేస్తారేమోనని చాలామంది చెప్పకుండా వచ్చేస్తారు.

సూదిమందు_అక్క

చెప్పాలి. క్లినిక్‌లోనే చెబితే వాళ్ళు అక్కడి ఆరోగ్య శాఖకీ పశువైద్యులకీ తెలియజేస్తారు. మీరు అడిగిన చంపడం సంగతికి వస్తే, బాలిలో 2008 దాకా రేబిస్ లేదు, వచ్చిన కొత్తలో కుక్కల్ని విషం పెట్టి చంపారు, జబ్బు ఆగలేదు. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తేనే వ్యాప్తి తెగుతుందని తేలి ఆ దారి పట్టారు. మీ కుక్కపిల్లతో ఆ బీచ్‌లో ఇంకెంతమంది ఆడారో, వాళ్ళలో ఎందరు చిన్నపిల్లలో! పిల్లలైతే గీరిందని ఇంట్లో చెప్పరు కూడా. నార్వే కేసులోనూ ఆమెతో ఉన్నవాళ్ళనీ, చూసిన ఆసుపత్రి సిబ్బందినీ వెతికి మరీ కలిశారు.

సంచారి_42

అప్‌డేట్. పావుగంట కడిగించాను, హోటల్ సబ్బు బిళ్ళ సగం అరిగిపోయింది. టీకా పడింది. ఇమ్యునోగ్లోబులిన్ మొదటి చోట లేదు, ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పిన రెండో ఆసుపత్రిలో దొరికింది. వేలికి గుచ్చుతుంటే మావాడి ఎగతాళి మొత్తం దిగిపోయింది. కుక్కపిల్ల ఫోటో, చోటు రాసిచ్చాం. ఒక డౌటు, మూడో రోజు డోసు టైమ్‌కి మేం ఇంకా దారిలోనే ఉంటాం, ఇంటికి చేరేది ఆ రాత్రి బాగా పొద్దుపోయాక. మళ్ళీ మొదటి నుంచి వేయించాలా?

సూదిమందు_అక్క

అక్కర్లేదు. నాలుగో రోజు పొద్దున్నే వేయించండి, ఆ తర్వాతి డోసుల తేదీలు డాక్టర్ సరిచేస్తారు. అదే కంపెనీ టీకా దొరక్కపోతే ఇంకోదానితో కొనసాగించొచ్చు. లేబుల్ ఫోటో తీశారా?

సంచారి_42

తీశాను. ఈసారి వాడే గుర్తు చేశాడు.