రొయ్యల గుంటలకు ఉమ్మడి గేట్‌వేనా, ఎవరి సిమ్ వాళ్లదా?

ఇందుకూరుపేట ఆక్వా:
మా కాలువ పక్కన పది మంది రైతుల వెనామీ గుంటలు వరసగా ఉన్నాయి. ఈసారి అందరం డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్లు, ఏరియేటర్లను (నీళ్లలోకి గాలి ఎక్కించే మోటార్లు) ఫోన్ నుంచి నడిపే బాక్సులు పెట్టాలనుకుంటున్నాం. రెండు రకాల కొటేషన్లు వచ్చాయి. మొదటి దాంట్లో ప్రతి బాక్సుకూ ఒక సిమ్ ఉంటుంది, అది నేరుగా కంపెనీ సర్వర్‌తో మాట్లాడుకుంటుంది. రెండో దాంట్లో బాక్సులన్నీ తక్కువ కరెంటుతో దూరం పోయే లోరా రేడియోతో ఒక షెడ్డులో ఉండే గేట్‌వేకి (అందరి డేటా చేరే ఉమ్మడి డబ్బా) పంపుతాయి. అక్కడి నుంచి ఫైబర్, ఫైబర్ పోతే సిమ్. ఏ బాక్సు లైన్లో ఉంది, ఎవరికి ఏ మెసేజ్ ఇంకా అందలేదు, ఎవరు ఎవరితో మాట్లాడొచ్చు అన్న లెక్కంతా గేట్‌వేలోని ఉమ్మడి సర్వీస్ లేయర్ అనే సాఫ్ట్‌వేర్ చూస్తుందట. వేరే వేరే కంపెనీల బాక్సులైనా పర్లేదంటున్నారు. నాకు ఇదే నచ్చింది. మా బావమరిది మాత్రం ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు?

ఒంగోలు ఎంబెడెడ్:
అన్నా, ఉమ్మడిదే పెట్టండి. సిమ్ బాక్సుల గోల దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. మొబైల్ నెట్‌వర్క్‌లో కాసేపు డేటా పోకపోతే ఆపరేటర్ వైపు నాట్ (చాలా సిమ్‌లకు ఒకే ఇంటర్నెట్ అడ్రస్ పంచే ఏర్పాటు) ఆ కనెక్షన్ ఎంట్రీని తీసేస్తుంది. ఆ సంగతి బాక్సుకు తెలీదు, సర్వర్‌కూ తెలీదు. రెండూ లైన్లోనే ఉన్నామనుకుంటాయి. యాప్‌లో పచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది, డీఓ మాత్రం గంట కిందటిది. దీనికి మందు కీప్ అలైవ్, అంటే ‘ఉన్నాను’ అని బాక్సు మధ్యమధ్యలో చెప్పాల్సిన గడువు. బాక్సులు మెసేజ్‌లు పంపుకునే ఎంక్యూటీటీ ప్రోటోకాల్‌లో దాన్ని 60 సెకన్లు పెడితే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు, బాక్సు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే బ్రోకర్ (మధ్యలో మెసేజ్‌లు పంచే సర్వర్) కనెక్షన్ తెంపేయాలి. ‘నేను తెగిపోతే ఇది చెప్పు’ అని బాక్సు ముందే రాసిపెట్టిన లాస్ట్ విల్ మెసేజ్‌ని అప్పుడు మిగతావాళ్లకి పంపుతుంది. 1999లో చమురు పైపులైన్ల మీది పరికరాలు ఉపగ్రహం లింకు మీద మాట్లాడుకోవడానికి తయారుచేసిన ప్రోటోకాల్ అది. తెగిపోయే లైన్ల కోసమే పుట్టింది.

కానీ ఆ 60 పెట్టాలా, 600 పెట్టాలా, లాస్ట్ విల్ అసలు పెట్టాలా అన్నది బాక్సు చేసినవాడి ఇష్టం. పది మంది నాలుగు కంపెనీల దగ్గర కొంటే నాలుగు రకాలుంటాయి. ఇంకో సంగతి, బ్యాటరీ మీద నడిచే లోరా సెన్సార్ తను ఏదైనా పంపిన వెంటనే కొద్ది క్షణాలు మాత్రమే వింటుంది. దానికి చెప్పాల్సింది అప్పటిదాకా ఎవరో ఒకరు దాచి ఉంచాలి కదా. ఇలాంటి పనులు ఒక్కో యాప్‌లో విడివిడిగా రాయకుండా ఉమ్మడి లేయర్‌లో పెట్టాలనే 2012లో వన్ఎంటుఎం అనే అంతర్జాతీయ ప్రమాణాల కూటమి మొదలైంది. మన దేశం నుంచి టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ కూడా అందులో భాగస్వామి. మన కాలువలకు వంతులవారీగా నీళ్లు వదిలే లస్కర్ ఉన్నట్టే అనుకోండి.

గట్టుమీదోడు:
లస్కర్ అన్నావు కాబట్టి అడుగుతున్నా అబ్బాయ్, వంతు తప్పించి ఎవరి చేనుకి ముందు నీళ్లు వదులుతారో మాకు తెలీదా? ఆ సంగతి అట్లా ఉంచు. డీఓ బాగా పడేది తెల్లవారుజామునే. రాత్రంతా వెలుతురు లేక నీళ్లలో ఆల్గే ఆక్సిజన్ చెయ్యదు, పైగా తనే వాడుకుంటుంది. 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కిందకి వస్తే మాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆ టైమ్‌లో షెడ్డులో ఒక్క డబ్బా హ్యాంగ్ అయితే పది మందికీ ఒకేసారి కళ్లు పోతాయి. నా సిమ్ పోతే నా గుంట ఒక్కటే పోతుంది, పక్కవాడైనా లేపి చెప్తాడు.

దానికంటే పెద్దది ఇంకోటుంది, ఎవరూ పైకి మాట్లాడరు. ఎవరి గుంటలో డీఓ పడింది, ఎవరి గుంటలో ఏరియేటర్లు పగలు కూడా తిరుగుతున్నాయి అన్నది ఉమ్మడి డబ్బాలో కనిపిస్తుంది. అది రొయ్యలు కొనే ఏజెంటు చెవిన పడితే ఇంకేముంది? వీడు ఎలాగూ పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) చెయ్యక తప్పదని రేటు విరిచేస్తాడు. నా సరుకు సంగతి నాకూ, నా ఫోన్‌కీ తెలిస్తే చాలు.

ఒంగోలు ఎంబెడెడ్:
ఏజెంటు సంగతి ఒప్పుకుంటా. కానీ అది ఉమ్మడి లేయర్ వల్ల వచ్చేది కాదు బాబాయ్, అజాగ్రత్తగా పెడితే వచ్చేది. ఏ రైతు ఏ గుంట డేటా చూడొచ్చన్నది లేయర్‌లోనే కట్టడి చేస్తారు. అదీ నమ్మకపోతే రీడింగ్‌ని బాక్సులోనే ఎన్‌క్రిప్ట్ చేసి, తాళం మీ ఫోన్‌లో పెట్టుకోవచ్చు. ఎవరికి పోవాలి, ఎప్పటిలోపు పోవాలి అన్నంత వరకు తెలిస్తే గేట్‌వేకి సరిపోతుంది, లోపల ఏముందో దానికి అక్కర్లేదు. మీరు సొంత సిమ్ పెట్టుకుంటే మాత్రం మీ లెక్కలు కంపెనీ సర్వర్లో ఉండవా? వాళ్లు ఎవరికి చూపిస్తారో మీకు తెలుసా?

గట్టుమీదోడు:
తెలీదు. కానీ కంపెనీ వాడు మా ఊరి వాడు కాదు. నా భయం ఊళ్లో వాళ్లతోనే.

కావలి మోటార్ల షాపు:
మీ ఇద్దరూ తెగిపోయిన సెషన్ (బాక్సుకీ సర్వర్‌కీ మధ్య లైను, అందని మెసేజ్‌ల లెక్క) గురించే మాట్లాడుతున్నారు. నాకు భయం తిరిగి అతుక్కున్న సెషన్‌తో. నిరుడు మా దగ్గర ప్యానెల్ చేయించుకున్న ఒకాయన గుంట మీద జరిగింది, బాక్సు ఎవరిదో చెప్పను. సాయంత్రం ఆయన ఫోన్‌లో ఒక సెట్ ఏరియేటర్లకు ‘ఆఫ్’ కొట్టాడు. అప్పటికే సిగ్నల్ లేదు, పోలేదు. సరేలే అని మనిషిని పంపి స్టార్టర్ దగ్గర ఆపించాడు, రాత్రికి మళ్లీ వేయించాడు. అర్ధరాత్రి దాటాక సిగ్నల్ వచ్చింది. సర్వర్ ఆ సెషన్‌ని భద్రంగా దాచింది కదా, సాయంత్రపు ‘ఆఫ్’ అప్పుడు దిగింది. ఏరియేటర్లు ఆగాయి. కాపలా మనిషి మెలకువగా ఉండి చప్పుడు తగ్గిందని చూశాడు కాబట్టి సరుకు దక్కింది.

సెషన్ దాచడం గొప్ప అని అందరూ చెప్తారు. రీడింగ్ ఆలస్యంగా వస్తే నష్టం లేదు, ఆర్డర్ పాచిపోతే మాత్రం నష్టమే. 2019లో వచ్చిన ఎంక్యూటీటీ 5లో మెసేజ్‌కి గడువు పెట్టే వీలుంది, ఎంతమంది పెడుతున్నారు? ఉమ్మడి లేయర్ వాళ్లని మీరు మొదట అడగాల్సింది ఇదే: దాచిన ఆర్డర్‌ని ఎంతసేపటి తర్వాత పారేస్తారు?

ఇంకోటి కూడా అడగండి. కరెంటు పోతే మామూలు స్టార్టర్ నోవోల్ట్ కాయిల్ (కరెంటు ఉన్నంతసేపే స్టార్టర్‌ని పట్టి ఉంచేది) వదిలేస్తుంది, కరెంటు తిరిగొచ్చినా మోటార్ దానంతటది లేవదు. యాప్‌లో మాత్రం ‘ఆన్’ అనే ఉంటుంది, ఎందుకంటే చివరగా వెళ్లిన ఆర్డర్ అదే. స్టార్టర్ తర్వాత వైరు మీద సీటీ (పారే కరెంట్‌ని కొలిచే రింగు) పెట్టి కరెంట్ లాగుతోందా లేదా చూసి చెప్పే బాక్సు తీసుకోండి. సెషన్ బతికుంటే మోటార్ తిరుగుతున్నట్టు కాదు.

సింగరాయకొండ రైతుబిడ్డ:
మా వైపు ఇంకో తమాషా. ఫిట్ చేసినవాడు రెండు బాక్సులకీ ఒకే క్లయింట్ ఐడీ (సర్వర్ దగ్గర బాక్సు గుర్తింపు పేరు) రాశాడు. ఒకటి కనెక్ట్ అవగానే సర్వర్ రెండోదాన్ని గెంటేస్తుంది, అది మళ్లీ వచ్చి దీన్ని గెంటేస్తుంది. రూలే అంత. సిగ్నల్ బాలేదని సిమ్‌లు మార్చుకుంటూ కూర్చున్నాం. ఉమ్మడి గేట్‌వేలో రిజిస్టర్ చేసేటప్పుడే ‘ఈ ఐడీ వేరేవాళ్లది’ అని చెప్పి ఉండేది. నా ఓటు ఉమ్మడికే.

ఒంగోలు ఎంబెడెడ్:
కావలి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ నా వాదనకే బలం అది. గడువు పెట్టే అలవాటు నాలుగు కంపెనీలకు నేర్పడం కంటే ఒక గేట్‌వేలో పెట్టడం తేలిక. వన్ఎంటుఎంలో ప్రతి రిక్వెస్ట్‌కీ ఎప్పటిదాకా చెల్లుతుందో రాసే చోటు ఉంది. అలాగే కరెంటు తిరిగొచ్చినప్పుడు బాక్సులన్నీ ఒక్కసారిగా మీద పడకుండా తలా కొన్ని సెకన్లు తేడాతో రమ్మనాలి. లేకపోతే లోరాలో ఒకదాని మాట మీద ఇంకోటి పడి ఏదీ అందదు.

కావలి మోటార్ల షాపు:
నేను ఉమ్మడికి వ్యతిరేకం కాదు తమ్ముడూ. డీఓ పడితే ఏరియేటర్ వేసే నిర్ణయం మాత్రం గేట్‌వేకి వదలొద్దంటున్నా. అది గట్టు మీది ప్యానెల్లోనే జరగాలి, నెట్ ఉన్నా లేకపోయినా. ‘ఆఫ్’ ఒక్కటే బయటి నుంచి రావాలి, అదీ అప్పటికప్పుడు కొట్టిందైతేనే.

గట్టుమీదోడు:
ఈ మాట మొదటే అనుంటే ఇంత పోట్లాట ఉండేది కాదు. ప్యానెల్ దానంతటది వేసేదైతే, డబ్బా చచ్చినా నా గుంట బతుకుద్ది. అయినా నా రీడింగులకి తాళం నా ఫోన్‌లోనే ఉండాలి, కొటేషన్‌లో రాసివ్వాలి.

ఇందుకూరుపేట ఆక్వా:
సరే, రెండో కొటేషన్ వాళ్లకి రాస్తున్నా. రెండు నిమిషాలు దాటిన ఆర్డర్ ఏదైనా పారేయాలి. 4 కిందకి పడితే ప్యానెల్ తనే వెయ్యాలి. మోటార్ లాగే కరెంట్ చూసే చెప్పాలి. ఎవరి గుంట వాళ్లకే కనిపించాలి. రేటు పెంచుతారేమో చూడాలి. మా బావమరిదిని ఒప్పించానని అనుకుంటున్నా.

గట్టుమీదోడు:
ఆ షెడ్డు ఎవరి గట్టు మీద కడతారు బావా?

ఇందుకూరుపేట ఆక్వా:
నువ్వేనా! ఇంటికి రా, మాట్లాడదాం.