టర్బినెల్లా ఓక్ హెర్బేరియం షీట్లు: పేరుని ఎంతవరకు నమ్మొచ్చు?

ముళ్లాకు: కాలిఫోర్నియాలో ఎం.ఎస్. చేస్తున్నాను. క్వెర్కస్ టర్బినెల్లా అని ఎడారి అంచుల్లో పెరిగే పొద ఓక్ ఒకటుంది. ప్రాజెక్టు కోసం హెర్బేరియాల్లో (ఎండబెట్టిన మొక్కల్ని కాగితం షీట్ల మీద అతికించి దాచే చోట్లు) ఉన్న దాని రికార్డులన్నీ డౌన్‌లోడ్ చేసి మ్యాప్ మీద పెట్టాను. మొజావే ఎడారి తూర్పు కొండల నుంచి పడమటి కొండల దాకా చుక్కలే చుక్కలు. మా గైడ్ ఒక్క చూపు చూసి "ఇది ఒక జాతి కాదు, మూడు" అన్నారు. వారం రోజుల పని! మీలో ఎవరికైనా ఇలా అయిందా?

చింతతోపు: అవకుండా ఎలా ఉంటుందండీ. టర్బినెల్లాకి 1889లో గ్రీన్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టారు. పడమటి పొదల్ని 1952లో టకర్ దానికింద ఒక ఉపజాతి చేశారు. 1994లో నిక్సన్, ముల్లర్ కలిసి దాన్నే వేరే జాతిగా తేల్చి, టకర్ గారి పేరే పెట్టారు: జాన్-టకెరి. ఈలోగా 1981లో నిక్సన్, స్టీల్ జాషువా ట్రీ పార్కు వైపు పొదకి కార్నెలియస్-ముల్లెరి అన్నారు. అదేమో ముల్లర్ గారి పేరు! ఓక్ వాళ్లది ఒక కుటుంబం లెండి. అసలు టర్బినెల్లా కాలిఫోర్నియాలో న్యూయార్క్ మౌంటెన్స్ లాంటి తూర్పు కొండల్లోనే దొరుకుతుంది. అరిజోనాలో అయితే బోలెడు.

ముళ్లాకు: మరి షీటు ఫోటో చూసి తేల్చడం ఎలాగండీ? ఆకులన్నీ ఒకేలా ఉన్నాయి, చుట్టూ ముళ్లు.

గోరింట: పైవైపు చూస్తే ఎవరికీ తెలీదు. అతికించేటప్పుడు ఒకటి రెండు ఆకులు తిరగేసి పెడతారు, వాటిని జూమ్ చేయండి. ముల్లెరిలో అడుగంతా తెల్లటి నూగు, దుప్పటి కప్పినట్టు దట్టంగా ఉంటుంది. టర్బినెల్లాలో అంత ఒత్తుగా ఉండదు. కాయ ఉంటే ఇంకా సుఖం: టర్బినెల్లా కాయ కాడకి వేలాడుతుంది, జాన్-టకెరిది దాదాపు కొమ్మకే అంటుకుని ఉంటుంది. కాయ లేని షీటైతే నేను "అనుమానం" కాలమ్‌లో పడేస్తాను.

ఇంకోటి, లేబుల్ ఒక్కటే చదివి ఆగకండి. తర్వాత చూసినవాళ్లు పేరు మార్చి చిన్న స్లిప్పులు అతికిస్తారు. నేను చూసిన ఒక షీటు మీద మూడున్నాయి, మూడూ మూడు పేర్లు. డేటాబేస్‌లో మాత్రం మొదటిదే ఎక్కింది.

చింతతోపు: డూప్లికేట్ల సంగతి మర్చిపోయాం. ఒకే పొద నుంచి నాలుగైదు కొమ్మలు కోసి, ఒకే నంబరుతో వేర్వేరు హెర్బేరియాలకి పంపుతారు. ఒకచోట పేరు దిద్దుతారు, మిగతాచోట్ల పాతదే ఉండిపోతుంది. సేకరించినవారి పేరు, నంబరు కలిపి సార్ట్ చేయండి, దొంగలు దొరికిపోతారు.

హౌరాబండి: నాది ఓక్ కాదు గానీ, హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియంలో కొన్నాళ్లు షీట్లు తిరగేశాను. పాత షీట్లు చేత్తో ముడితే సబ్బుతో కడుక్కోండి. పురుగు పట్టకుండా ఒకప్పుడు పాదరసం మందు పూసేవారు. నాకు ఈ ముక్క ఆలస్యంగా తెలిసింది, అప్పటికి షీట్ల పక్కనే బోలెడు మిక్చర్ తిన్నాను.

ముళ్లాకు: 😂 జాగ్రత్తండీ. రాత్రి సార్ట్ చేశాను. ఒకే మనిషి, ఒకే నంబరు, ఒకే తేదీ. ఒకచోట టర్బినెల్లా, ఇంకోచోట జాన్-టకెరి. రెండో షీటులో కాయ ఉంది. ఎంత జూమ్ చేసినా కాడ కనపడలేదు. ఇప్పుడు మొదటి షీటు వాళ్లకి మెయిల్ రాస్తున్నాను, విద్యార్థిని చెబితే మారుస్తారంటారా?

గోరింట: రెండు ఫోటోలూ జతచేసి పంపండి. మారుస్తారు, కాకపోతే నెలలు పడుతుంది.