మ్యూజియం వస్తువుల ఎదుట కుటుంబాల కోసం నృత్య ప్రదర్శన: ఎక్కడ మొదలుపెట్టాలి?

విద్యావిభాగం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక మ్యూజియం విద్యా విభాగంలో పనిచేస్తున్నాను. మా సేకరణలో కంచు విగ్రహాలు, మట్టిపాత్రలు, మాస్కులు, పాత వస్త్రాలు ఉన్నాయి. పిల్లలతో వచ్చే కుటుంబాలు మా గ్యాలరీలలో ఎక్కువసేపు ఆగవు. పెద్దవారు అద్దాల పెట్టె పక్కనున్న వివరణ చదవడం పూర్తయ్యేలోగా పిల్లలు తరువాతి గదిలో ఉంటారు. అందుకని ఒక నృత్య బృందంతో కలిసి, వస్తువుల ఎదుటే చిన్న ప్రదర్శనలు ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాము.

నాకున్న పెద్ద సందేహం ఇది. కుటుంబాలు నృత్యం చూసి, చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే, వెనుకనున్న వస్తువు ఉత్త రంగస్థల అలంకారంగా మిగిలిపోదా? వస్తువులను ఎలా ఎంచుకోవాలో, ప్రదర్శన ఎంతసేపు ఉండాలో, సంరక్షణ విభాగం వారిని ఏ దశలో కలుపుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పదగతి

మీ సందేహం చాలా అవసరమైనది. నృత్యాన్ని ముందే సిద్ధం చేసుకుని, దానికి తగిన గది కోసం తరువాత వెతికితే మీరు భయపడినట్టే జరుగుతుంది. అందువల్ల ముందు వస్తువును ఎంచుకోండి. ఆ వస్తువు గురించి కదలిక ద్వారా మాత్రమే తెలియగల విషయం ఏదైనా ఉన్నదా అని నర్తకులు, క్యురేటర్ (సేకరణ బాధ్యులు) కలిసి దాని ఎదుట నిలబడి వెతకండి. అది దొరికాకే అడుగులు కూర్చండి. దొరకకపోతే, ఆ వస్తువు ఎంత ప్రసిద్ధమైనదైనా సరే, వదిలివేయడమే మేలు.

మీ దగ్గర మాస్కులున్నాయి కనుక అక్కడినుంచే ఉదాహరణ చెబుతాను. జపాను సంప్రదాయ నాటకమైన "నో"లో వాడే చెక్క మాస్కును నటుడు కొంచెం పైకెత్తితే ముఖం వెలిగినట్టు, కొంచెం కిందికి వంచితే విచారంలో మునిగినట్టు కనిపిస్తుంది. అద్దాల పెట్టెలో ఆ ముఖాన్ని ఒకే కోణంలో బిగించి ఉంచుతారు కాబట్టి చూసేవారికి దొరికేది ఒక్క భావమే. నర్తకి ఒక నకలు మాస్కు ధరించి, పెట్టె పక్కనే నిలబడి, తలను నెమ్మదిగా ఎత్తి దించితే ఏ వివరణా అక్కరలేదు. పైగా, పెట్టె ఎత్తును బట్టి, కింది నుంచి చూసే పిల్లవాడికీ పై నుంచి చూసే తల్లికీ అదే మాస్కు వేర్వేరు భావాలతో కనిపించవచ్చు. "నవ్వుతోంది", "కాదు, బాధపడుతోంది" అని వారిద్దరూ వాదించుకోవడం మొదలైతే, మీరు కోరుకున్న సంభాషణ ఆరంభమైనట్టే. పశ్చిమ ఆఫ్రికాలోని యోరుబా ప్రజల గెలెడె మాస్కులలో చాలావాటిని ముఖానికి కాక తల పైభాగాన ధరిస్తారు. పెట్టెలో కంటికి ఎదురుగా పెట్టినప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టదు.

మొహెంజోదారోలో 1926లో దొరికిన, "నర్తకి" అని పిలిచే కంచు బొమ్మ మరొక రకమైన అవకాశం. సుమారు 10.5 సెంటీమీటర్ల ఆ చిన్న విగ్రహానికి కుడిచేయి నడుము మీద ఉంటుంది, ఎడమచేయి నిండా గాజులుంటాయి, పాదాలు మాత్రం లేవు. అటువంటి వస్తువు మీ సేకరణలో ఉంటే, బరువు ఏ కాలి మీద పడుతోంది, తరువాతి అడుగు ఎటు పడుతుంది అని నర్తకులు రెండు మూడు రకాలుగా చేసి చూపించి, ఏది నమ్మదగినదో పిల్లలనే చెప్పమనవచ్చు. ఆమెను నర్తకి అని పిలవడం ఆధునికుల ఊహేనని, ఆమె నిజంగా నాట్యం చేస్తున్నదనడానికి రుజువు లేదని కూడా తప్పక చెప్పండి. పిల్లలు దానికి నిరాశపడరు, మళ్ళీ చూస్తారు.

మట్టిపాత్రలను చిన్నచూపు చూడకండి. ప్రాచీన గ్రీకు కుండల మీద బొమ్మలు చుట్టూ తిరిగి ఉంటాయి, కానీ గోడకు ఆనించిన పెట్టెలో ఒక వైపే కనిపిస్తుంది. నర్తకులు ఆ బొమ్మల వరుసను మనుషులతో కట్టి, కుటుంబాల చుట్టూ తిరిగితే, కనిపించని వైపున ఏముందో చూడాలని పిల్లలు పెట్టె పక్కకు తలలు వంచుతారు.

నిడివి విషయంలో, ఒక్కో వస్తువు దగ్గర ఏడెనిమిది నిమిషాలు మించవద్దు. అటువంటివి రెండు మూడు చాలు. ప్రేక్షకులు స్వేచ్ఛగా వచ్చిపోయే పద్ధతి మ్యూజియం నృత్యానికి కొత్తది కాదు. అమెరికా నృత్య దర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ బృందం 1964లో వియన్నాలోని ఒక మ్యూజియంలో, రంగస్థలం లేని చోట, తమ పాత నృత్యాల భాగాలను ఒకే ప్రదర్శనగా కూర్చింది. 2015లో బెల్జియం నృత్య దర్శకురాలు ఆనా తెరేసా దె కీర్స్‌మేకర్ బ్రస్సెల్స్‌లోని వీల్స్ కళాకేంద్రంలో తన నృత్యాన్ని సందర్శన వేళలంతా సాగేలా విస్తరించారు. కుటుంబాలకు అంత నిడివి తగదు, కానీ మధ్యలో వెళ్ళిపోవడాన్ని అవమానంగా భావించని ఆ పద్ధతి మాత్రం తగినదే.

భద్రనిధి

నేను వస్తు సంరక్షణ పనిలో ఉన్నాను. మమ్మల్ని ఎప్పుడు కలుపుకోవాలి అని అడిగారు. మొదటి సమావేశానికే పిలవండి. అడుగులన్నీ కూర్చిన తరువాత పిలిస్తే మేము చెప్పగలిగేది "వద్దు" అన్న మాట ఒక్కటే అవుతుంది, అది ఎవరికీ సంతోషం కాదు.

అన్నిటికంటే ముందు ప్రకంపనల గురించి ఆలోచించండి. మాంచెస్టర్ మ్యూజియంలో ఒక చిన్న ఈజిప్టు విగ్రహం పెట్టెలో దానంతట అదే తిరుగుతోందని 2013లో ప్రపంచమంతా చెప్పుకుంది. వీధిలోని వాహనాల వల్ల, సందర్శకుల అడుగుల వల్ల కలిగిన ప్రకంపనలు, దానికి తోడు విగ్రహం అడుగుభాగం కొంచెం ఉబ్బెత్తుగా ఉండటం అందుకు కారణాలని పరిశీలకులు తేల్చారు. మామూలు నడకకే అలా జరిగితే, బృందమంతా ఒకేసారి నేలను తన్నడం, పక్కనే పెద్ద వాద్యం మోగడం గాజు అరల మీది తేలికైన వస్తువులను ఏం చేయగలవో ముందుగా పరీక్షించాలి. చదును కాగితం మీద వస్తువు అంచును గుర్తుపెట్టి, సాధన తరువాత వస్తువు కదిలిందో లేదో చూడటం చాలా సులువైన పరీక్ష.

వస్త్రాల గదిలో వెలుతురు సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించనివ్వము, ఎందుకంటే వెలుతురు చేసే హాని పోగుపడుతూనే ఉంటుంది, దాన్ని సరిదిద్దలేము. రంగస్థలపు దీపాలు అక్కడ పెట్టవద్దు. మసక వెలుతురుకు తగినట్టు దగ్గరగా, నెమ్మదిగా చేసే నృత్యాన్ని అడగండి. అది తక్కువది కాదు, పిల్లలను మరింత నిశ్శబ్దంగా దగ్గరకు రప్పిస్తుంది. ఇక జనం ఎక్కువైతే తేమ పెరుగుతుంది కనుక సంఖ్యకు పరిమితి ఉండాలి. రాతి నేల మీద ఎగిరి దూకే అడుగులు వద్దు; అది వస్తువుల కోసమే కాదు, నర్తకుల మోకాళ్ళ కోసం కూడా.

ఇద్దరి_తల్లి

ఒక ప్రేక్షకురాలిగా నా విన్నపం. దయచేసి పిల్లలను చేయి పట్టి మధ్యలోకి లాగవద్దు. మా పెద్దమ్మాయి వెంటనే దూకుతుంది, చిన్నవాడు మాత్రం హఠాత్తుగా పెద్ద శబ్దం వస్తే చెవులు మూసుకుని ఏడుస్తాడు. ఎంత శబ్దం వస్తుందో ముందే చెప్పి, తలుపు దగ్గర నిలబడి చూసే చోటు ఉంచితే మా వంటి కుటుంబాలు ధైర్యంగా రాగలవు. చక్రాల కుర్చీలో ఉన్నవారికీ, నేల మీద కూర్చున్నవారికీ ఇద్దరికీ వస్తువు కనబడేలా నర్తకులు నిలబడాలని కూడా కోరుతున్నాను.

విద్యావిభాగం

అందరికీ కృతజ్ఞతలు. సంరక్షణ విభాగాన్ని ఈ వారమే పిలుస్తాము. ఇంకొక ప్రశ్న. మా మాస్కులలో ఒకటి పూజా సందర్భాలలో వాడినది. దానికి నకలు చేయించి నర్తకి చేత ధరింపజేయవచ్చునా? అలాగే, ప్రదర్శన నిజంగా వస్తువు వైపు చూపు మళ్ళించిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పదగతి

మొదటిదానికి సమాధానం మీ దగ్గరా నా దగ్గరా లేదు, ఆ మాస్కు ఎవరిదో వారి దగ్గర ఉంది. వారిని సంప్రదించండి. వద్దంటే నకలు కూడా వద్దు. ఆ పెట్టె ముందు నృత్యం ఎందుకు లేదో కుటుంబాలకు చెప్పడం కూడా మంచి విద్యాకార్యక్రమమే. సరేనంటే, ఏ కదలికలు బయటివారికి చూపించదగినవో వారినే నిర్ణయించమనండి, వీలైతే వారిలోనే ఒకరిని నర్తించమని ఆహ్వానించి తగిన పారితోషికం ఇవ్వండి.

రెండవదానికి, చప్పట్లను లెక్కలోకి తీసుకోకండి. ప్రదర్శన ముగిశాక తరువాతిదానికి ముందు కనీసం పది నిమిషాల ఖాళీ ఉంచి, నర్తకులు పక్కకు తప్పుకుని, పెట్టె ముందు చోటు పూర్తిగా వదిలిపెట్టాలి. ఒక ఉద్యోగి దూరంగా నిలబడి, ఎందరు పిల్లలు పెట్టె దగ్గరకు తిరిగి వచ్చారు, ఎవరు వంగి చూశారు, ఎవరు పెద్దవారిని పిలిచి చూపించారు అని రాసుకోవాలి. ఎవరూ రాకపోతే అడుగులను కాదు, వస్తువును మార్చి చూడండి.