రీడర్-రైటర్ లాక్‌లో రైటర్‌కు వంతు ఎప్పుడు రావాలి?

ప్రశ్న (కావలి, ఇంజనీరింగ్ విద్యార్థి):
అందరికీ నమస్కారం. ప్రాజెక్టులో భాగంగా మేము ఎక్స్‌వీ6 (బోధన కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) కెర్నల్‌కు, అంటే దాని మూల భాగానికి, రీడర్-రైటర్ లాక్ చేరుస్తున్నాము. మా వైపు రొయ్యల చెరువుల ఆక్సిజన్, ఉష్ణోగ్రత, లవణీయత రీడింగులు కెర్నల్‌లో ఒక పట్టికగా ఉంటాయి. వాటిని ఎన్ని ప్రోగ్రాములైనా ఒకేసారి చదవవచ్చు, కొత్త రీడింగు రాసేటప్పుడు మాత్రం ఎవరూ చదవకూడదు. ప్రాసెసర్‌లోని మూడు కోర్ల మీద రీడర్లు (చదివే ప్రోగ్రాములు) ఆగకుండా తిరుగుతుంటే వారి లెక్క ఎప్పటికీ సున్నాకు రావడం లేదు, రైటర్ (రాసే ప్రోగ్రాము) అలాగే ఉండిపోతోంది. అందుకని రైటర్ వేచి ఉంటే కొత్త రీడర్లను ఆపే ఒక జెండా పెట్టాము. ఇప్పుడు అప్పుడప్పుడు కెర్నల్ మొత్తం బిగుసుకుపోతోంది. ఈ రెండింటిలో ఏ పద్ధతిని ఉంచుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు):
మీరు చూసిన రెండు కష్టాలూ ఈ లాక్‌తో పుట్టినవే. 1971లో కూర్త్వా, హేమన్స్, పార్నస్ ఈ సమస్యను ప్రతిపాదించినప్పుడే రీడర్‌కు ప్రాధాన్యం ఇచ్చే రూపాన్నీ, రైటర్‌కు ప్రాధాన్యం ఇచ్చే రూపాన్నీ విడివిడిగా పరిష్కరించారు. కెర్నల్ బిగుసుకుపోవడానికి నాకు తోచే కారణం ఇది: లాక్ పట్టుకున్న ఒక రీడర్, లోపల పిలిచిన ఫంక్షన్‌లో అదే లాక్‌ను మళ్లీ చదవడానికి అడుగుతోంది, ఆ రెండింటి మధ్య రైటర్ వచ్చి జెండా ఎత్తితే, రెండోసారి అడిగిన రీడర్ రైటర్ కోసం, రైటర్ ఆ రీడర్ మొదట పట్టుకున్న లాక్ వదలడం కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. లాక్ ముందే చేతిలో ఉందని భావించే ఫంక్షన్లను వేరుగా రాసుకుంటే ఈ చిక్కు పోతుంది.

లినక్స్‌లో 2014లో, 3.16 వెర్షన్‌తో వచ్చిన క్యూ ఆధారిత లాక్‌లో మామూలు రీడర్లు వరుసలో నిలబడతారు, కాని ఇంటరప్ట్‌లో (నడుస్తున్న కోడ్‌ను మధ్యలో ఆపి వచ్చే అత్యవసర పనిలో) ఉన్న రీడర్ వేచి ఉన్న రైటర్‌ను దాటి లోపలికి వెళ్లగలడు. ఇంటరప్ట్ తగిలిన కోడే ఆ లాక్‌ను చదువుతూ ఉండవచ్చు గనుక ఆ మినహాయింపు తప్పదు. చదువుతున్నవారు లాక్ వదలకుండానే రైటర్‌గా మారే సౌకర్యం మాత్రం పెట్టకండి. ఇద్దరు ఒకేసారి అడిగితే ఇద్దరూ కదలరు.

జవాబు (నెల్లూరు):
పై మాటలతో ఏకీభవిస్తూనే, అసలు ఈ లాక్ మీకు అవసరమా అని అడుగుతాను. చదివేవారు పట్టికను మార్చకపోయినా, లాక్‌లోని లెక్కను పెంచి తగ్గిస్తారు కదా, అది రాయడమే. నిజమైన బహుళ కోర్ల యంత్రం మీద ఆ లెక్క ఉన్న ఒక్క క్యాష్ లైన్ (కోరు దగ్గరి వేగవంతమైన మెమరీలోని ఒక ముక్క) కోరు నుంచి కోరుకు తిరుగుతూనే ఉంటుంది. చదివే పని నాలుగు అంకెలు కాపీ చేయడమంత చిన్నదైతే, లాక్ ఖర్చే అసలు పనిని మించిపోతుంది. చదివే భాగం పొడుగ్గా లేకపోతే మామూలు స్పిన్‌లాకే (ఒక్కరికే చోటిచ్చే, దొరికేదాకా తిరుగుతూ అడిగే లాక్) మేలని లినక్స్ డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది.

మీ పట్టికకు సీక్వెన్స్ లాక్ బాగా సరిపోతుంది. రైటర్ మొదలుపెట్టేటప్పుడు ఒక సంఖ్యను పెంచి బేసి చేస్తాడు, ముగించాక మళ్లీ పెంచి సరి చేస్తాడు. రీడర్ ఆ సంఖ్యను ముందు చూసి, రీడింగులు కాపీ చేసుకుని, మళ్లీ చూస్తాడు. బేసిగా కనిపించినా, మధ్యలో మారినా తిరిగి చదువుతాడు. రైటర్ ఎవరి కోసమూ ఆగడు గనుక మీ మొదటి కష్టం ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. రైటర్ సంఖ్యను బేసి చేశాక టైమర్ ఇంటరప్ట్ వచ్చి పక్కకు తప్పుకుంటే, రీడర్లు అంతసేపూ తిరుగుతూనే ఉండరా?

జవాబు (నెల్లూరు):
ఉంటారు, అందుకే రైటర్లు ముందుగా ఒక స్పిన్‌లాక్ పట్టుకోవాలి. ఎక్స్‌వీ6లో స్పిన్‌లాక్ పట్టుకుంటే ఆ కోరు మీద ఇంటరప్టులు ఆగిపోతాయి కాబట్టి రైటర్ మధ్యలో తప్పుకోడు. ఎక్స్‌వీ6 నడిచే రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో మెమరీ పనుల వరుస మారే వీలుంది, కాబట్టి సంఖ్యకూ రీడింగులకూ మధ్య ఇరువైపులా ఫెన్స్ (ఆ వరుస మారకుండా ఆపే సూచన) పెట్టడం మరువకండి. పట్టికలో పాయింటర్లు (వేరే మెమరీ చోటును చూపే చిరునామాలు) ఉంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు: రీడర్ పాత పాయింటర్ పట్టుకుని వెళ్లేసరికి ఆ మెమరీ విడుదలైపోయి ఉండవచ్చు. అప్పుడు ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్: పాతదాన్ని చదివేవారు ముగించేదాకా దాని మెమరీని విడుదల చేయని పద్ధతి) వైపు చూడాలి.