డీటీఆర్ మీటర్ల ప్రయోగం ముగిసింది: డివిజన్ అంతటికీ సిఫారసు చేసే ముందు ఏమి చూడాలి?

ప్రశ్న: గ్రామీణ సెక్షన్ ఏఈ

నేను ఒక డిస్కంలో (విద్యుత్ పంపిణీ సంస్థలో) గ్రామీణ సెక్షన్‌కు ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) పనిచేస్తున్నాను. మా పరిధిలోని 40 డీటీఆర్‌లకు, అంటే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకు జూన్ నెలలో సిమ్‌కార్డుతో పనిచేసే మీటర్లు బిగించి, ప్రతి 15 నిమిషాలకు ఒక రీడింగు సర్వర్‌కు చేరేలా ఏర్పాటు చేశారు. ఆగస్టుతో ప్రయోగం ముగిసింది. సగటున 98 శాతం రీడింగులు అందాయని సరఫరాదారు నివేదిక ఇచ్చారు. వీటిని డివిజన్ అంతటా పెట్టవచ్చునా అన్న విషయమై నా అభిప్రాయాన్ని రాతపూర్వకంగా పంపమని మా డీఈ (డివిజనల్ ఇంజినీరు) గారు అడిగారు.

మీటరు పనిచేయడం లేదని నేను అనలేను. అయితే తెరపై ఒక ట్రాన్స్‌ఫార్మర్‌కు నష్టం (ఇచ్చిన కరెంటుకూ బిల్లు చేసినదానికీ తేడా) 30 శాతమని, మరొకదానికి మైనస్ 12 శాతమని కనిపిస్తోంది. ఇచ్చిన కరెంటు కన్నా బిల్లు చేసిన కరెంటు ఎక్కువెలా అవుతుందని మా లైన్‌మన్ అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇలాంటి లెక్కలను చూసి విస్తరణకు సిఫారసు చేయడమా, వద్దనడమా? ఏ ఏ అంశాలు పరిశీలించి రాయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత డీఈ

ఏఈ గారికి, ముందుగా ఆ మైనస్ సంగతి చూద్దాం. నూటికి తొంభై పాళ్లు అది మీటరు తప్పు కాదు, మన రికార్డు తప్పు. ఏ సర్వీసు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో చూపే ట్యాగింగ్ చాలా చోట్ల సర్వీసు ఇచ్చిన రోజు రాసినదే. ఆ తరువాత కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేసి లోడు పంచుతారు, ఒకటి కాలిపోతే దాని లోడును పక్కదానికి జంపర్లతో కలుపుతారు, బాగుచేసినది వచ్చాక సగం వెనక్కి మారుస్తారు, సగం అలాగే ఉండిపోతుంది. రికార్డులో మాత్రం ఏదీ మారదు. అందువల్ల ఒకదానికి మైనస్ వస్తే దాని పొరుగుదానికి ప్లస్ ఎక్కువగా వస్తుంది. మీ 30 శాతం ట్రాన్స్‌ఫార్మరూ మైనస్ 12 శాతం ట్రాన్స్‌ఫార్మరూ ఒకే వీధిలో ఉన్నాయేమో చూడండి.

రెండవది సీటీలు, అంటే ఎక్కువ కరెంటును మీటరు కొలవగలిగేంతకు తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు పూర్తి లోడు దాదాపు 133 ఆంపియర్లు కనుక 150/5 లేదా 200/5 సీటీలు పెడతారు. బిగించినది 200/5 అయి, సర్వర్‌లో 100/5 అని నమోదైతే రీడింగు సరిగ్గా సగమే వస్తుంది. ఒక ఫేజు సీటీ తిరగబడితే, దిశను లెక్కలోకి తీసుకునే మీటరు సమతుల్య లోడులో మూడో వంతే చూపిస్తుంది. ఒక సీటీ తీగ ఊడిపోతే మూడింట రెండు వంతులు చూపిస్తుంది. 40 చోట్లా టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరంతో) కొలిచి, అదే నిమిషంలో తెరపై ఉన్న అంకెతో సరిచూడడానికి రెండు రోజులు చాలు. సరఫరాదారు నివేదికలో ఈ పరీక్ష ఉండదు. రీడింగు అందిందా లేదా అన్నదే వారు లెక్కించారు తప్ప అది నిజమా కాదా అన్నది కాదు.

మూడవది, మీ 40లో వ్యవసాయానివి ఎన్ని? పంపుసెట్లకు విడిగా మీటర్లు లేనిచోట బిల్లు చేసిన యూనిట్లే ఉండవు కనుక, అక్కడ నష్టం శాతమన్న మాటకు అర్థం లేదు. అంతమాత్రాన ఆ మీటరు వృథా అనుకోవద్దు. వ్యవసాయ వినియోగాన్ని నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగుల నుంచి అంచనా వేసే పద్ధతి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో ఐఎస్ఐ పద్ధతి అంటారు, మనకు చాలా కాలంగా ఉంది. విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ కింద ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ లెక్కకు ఆ అంచనాయే ఆధారం. కాబట్టి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ మీటరును ఒక ప్రమాణంతో, గ్రామంలోని గృహ ట్రాన్స్‌ఫార్మర్ మీటరును మరొక ప్రమాణంతో తూచాలి. రెండింటినీ కలిపి ఒకే సగటు రాయకండి.

ఇక జూన్ నుంచి ఆగస్టు వరకు పెట్టిన ప్రయోగం పంపుసెట్ల విషయంలో ఏమి చెబుతుంది? వానలు పడితే మోటార్లు ఆగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్లు ఓవర్‌లోడుతో కాలిపోయేది రబీ చివర, ఎండలు ముదిరే రోజుల్లో. ఏప్రిల్ దాటే వరకు ఆ భాగంపై అభిప్రాయం వాయిదా వేయడం తప్పేమీ కాదు.

జవాబు 2: కమ్యూనికేషన్ ఇంజినీరు, పుణె

విశ్రాంత డీఈ గారు చెప్పినవాటికి నా వైపు నుంచి కొంత చేరుస్తాను. 40 మీటర్లలో ఒకటి మూడు నెలలూ పూర్తిగా మూగబోయినా, మిగిలిన 39 సరిగా పనిచేస్తే సగటు 97.5 శాతం వస్తుంది. కాబట్టి 98 అన్న అంకెను చూసి సంతోషించకుండా, మీటరువారీగా, రోజువారీగా జాబితా అడగండి. అందని రీడింగులు అన్ని మీటర్లలోనూ తలా కొంచెం ఉంటే చింత లేదు. ఒకే తండాలోనో కొండ వాలులోనో పోగుపడితే, డివిజన్ మొత్తానికి వెళ్లినప్పుడు అలాంటి చోట్లు ఎన్ని తగులుతాయో ఇప్పుడే లెక్క వేసుకోవాలి. సిమ్ అందని చోట 865-867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ఆర్‌ఎఫ్ మెష్ (మీటర్లు ఒకదాని నుంచి మరొకదానికి రేడియోతో సమాచారం అందించుకునే ఏర్పాటు) ఒక మార్గమే కానీ, అది మీటర్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు రాణిస్తుంది. కిలోమీటరుకొకటిగా ఉండే పొలం ట్రాన్స్‌ఫార్మర్లకు అంతగా కలిసిరాదు.

సరఫరా పోయిన క్షణంలో మీటరు తనలో మిగిలిన కొద్దిపాటి శక్తితో చివరి సందేశం పంపుతుందని చెబుతారు. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయినప్పుడు అది బాగానే చేరుతుంది. 11 కేవీ ఫీడరు మొత్తం ట్రిప్ అయినప్పుడు మీటర్లన్నీ ఒకేసారి పంపుతాయి, పైగా ఊళ్లోని సెల్ టవరు కూడా అదే ఫీడరు మీద ఉండవచ్చు, దాని బ్యాటరీ ఎంత ఆరోగ్యంగా ఉందో ఎవరికీ తెలియదు. సబ్‌స్టేషన్ లాగ్ బుక్కులో ఆ మూడు నెలల ట్రిప్పింగులు ఉంటాయి. వాటి సమయాలను సర్వర్‌కు అందిన సందేశాలతో పక్కపక్కన పెట్టి చూడండి.

విస్తరణకు ముందు తప్పక అడగవలసినది మరొకటి ఉంది. స్మార్ట్ మీటర్లకు ఐఎస్ 16444, వాటి సమాచార మార్పిడికి ఐఎస్ 15959 ప్రమాణాలు ఉన్నాయి. కాగితం మీద అందరూ వాటికి లోబడినవారే. వేరే కంపెనీ మీటరు ఒకదాన్ని తెచ్చి, ఇదే సర్వర్‌కు అనుసంధానించి చూపమనండి. ఎన్ని వారాలు పట్టిందన్నదే మీకు జవాబు. అది కుదరకపోతే మీరు కొంటున్నది మీటరు కాదు, పదేళ్ల సంబంధం.

ఈ మీటర్లలో కనెక్షన్ కత్తిరించే రిలే ఉండదు కనుక, పొరపాటు ఆదేశంతో సరఫరా ఆగిపోయే ప్రమాదం ఇప్పుడు లేదు. అయితే రేపు ఇదే సాఫ్ట్‌వేర్‌లోకి వినియోగదారుల మీటర్లు వస్తే ఉంటుంది. 2020 ఆగస్టులో, జన్మాష్టమి నాడు, ఉత్తరప్రదేశ్‌లో ఒక తప్పుడు ఆదేశం వల్ల లక్షకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్లకు ఒక్కసారిగా సరఫరా ఆగిపోయింది. ఆదేశం ఇచ్చే అధికారం ఎవరిది, ఒకేసారి ఎన్ని మీటర్లకు ఇవ్వవచ్చు అన్న పరిమితులు ఒప్పందంలోనే రాయించండి.

జవాబు 3: డిస్కం అకౌంట్స్ విభాగం

ఇంజినీర్లు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మీ నివేదికలో “నష్టాలు తగ్గుతాయి” అన్న వాక్యం దయచేసి రాయవద్దు. మీటరు నష్టాన్ని చూపిస్తుంది, తగ్గించదు. తగ్గించాలంటే ఎవరో ఒకరు స్తంభం ఎక్కాలి.

లెక్క ఎలా వేస్తామో చెబుతాను. ఒక గృహ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నెలకు 8,000 యూనిట్లు పోతున్నాయనుకుందాం. లోడును ఫేజుల మధ్య సరిచేసి 2 శాతం సాంకేతిక నష్టం (తీగల్లో వృథా అయ్యే కరెంటు) తగ్గిస్తే 160 యూనిట్లు మిగులుతాయి. వాటి విలువ కొనుగోలు ధరకే కట్టాలి. కొక్కేలు తీయించి 3 శాతం, అంటే 240 యూనిట్లు, బిల్లులోకి తెస్తే అది టారిఫ్ ధరకు వస్తుంది. ఇక్కడే తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్ల ధర 1.90 రూపాయలు. పేదల కాలనీలో బిల్లులోకి వచ్చిన యూనిట్లు కొనుగోలు ధరను కూడా రాబట్టకపోవచ్చు. వ్యాపార సర్వీసులున్న బజారులో అదే 240 యూనిట్లు మీటరు ఖర్చును నిలబెట్టగలవు. కాబట్టి 40 ట్రాన్స్‌ఫార్మర్లను ఒకే గాటన కట్టకుండా, ఏవి ఖర్చును తిరిగి ఇస్తాయో విడదీసి రాస్తే మాకు ఉపయోగం. ఈ ఖర్చు చివరకు ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ముందు సమర్పించే ఆదాయ అవసరాల పట్టికలోకి చేరుతుంది కనుక, బహిరంగ విచారణలో ఎవరో ఒకరు లేచి ఇదే ప్రశ్న అడుగుతారు.

ట్యాగింగ్ సరిచేసే మనుషుల ఖర్చును కూడా అంచనాలో చూపండి. సరఫరాదారు కొటేషన్‌లో అది ఉండదు, తరువాత సెక్షన్ నెత్తిన పడుతుంది.

ప్రశ్నించిన ఏఈ

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం ఇద్దరు లైన్‌మన్లతో కలిసి తిరిగి చూశాను. 30 శాతం, మైనస్ 12 శాతం ట్రాన్స్‌ఫార్మర్లు నిజంగానే ఒకే వీధిలో ఉన్నాయి. గత సంక్రాంతికి ముందు లోడు మార్చినప్పుడు 19 సర్వీసులు 30 శాతం చూపిన దాని కిందికి వచ్చాయి, రికార్డులో మైనస్ చూపిన దాని కిందే ఉండిపోయాయి. సరిచేసి లెక్క వేస్తే రెండూ 7 నుంచి 9 శాతం మధ్యకు వచ్చాయి. మరొక చోట సీటీ నిష్పత్తి తప్పుగా నమోదై ఉంది.

గృహ, వ్యాపార ట్రాన్స్‌ఫార్మర్లకు మాత్రమే, అదీ ట్యాగింగ్ పూర్తయిన ఫీడర్లలోనే, విస్తరించవచ్చునని రాస్తున్నాను. వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లపై అభిప్రాయం మే నెలలో ఇస్తానని రాస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది: ఇకపై లోడు మార్చిన ప్రతిసారీ రికార్డు కూడా మారాలంటే ఆ పని ఎవరికి అప్పగించాలి?

జవాబు 1: విశ్రాంత డీఈ

లైన్ క్లియర్ (పని కోసం లైనులో సరఫరా ఆపే అనుమతి) తిరిగి ఇచ్చేటప్పుడే, మార్చిన సర్వీసుల నంబర్లు చెప్పనిదే షిఫ్ట్ ఆపరేటరు దాన్ని ముగించకూడదని పెట్టి చూడండి. మొదటి నెల గొణుగుతారు. రాత్రిపూట బ్రేక్‌డౌన్‌లకు మాత్రం మరుసటి ఉదయం వరకు గడువు ఇవ్వండి, వర్షంలో నంబర్లు చదవమనడం న్యాయం కాదు.