ఫస్ట్ బేస్ దగ్గర ఔట్ ఇచ్చినాక కోచ్ మీదికొస్తే ఏం చెప్పాలి?

కొత్త అంపైర్, తిరుపతి:
అన్నా, ఈడ స్కూల్ పిల్లోళ్ళ బేస్‌బాల్ మ్యాచ్‌లకి అంపైరింగ్ చేస్తా ఉండా. ఇద్దరమే, ఒకరు ప్లేట్ (బ్యాటర్ నిలబడి ఆడే చోటు) వెనకాల, నేను బేసుల దగ్గర. పోయిన ఆదివారం ఆఖరి ఇన్నింగ్స్, ఒక్క రన్ తేడా, బేసుల మీద ఎవురూ లేరు. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఉండే ఫీల్డర్) ఫస్ట్ బేస్‌కి విసిరిన బాలూ బ్యాటర్ కాలూ ఒకేసారి వచ్చినట్టు అనిపించింది, నేను పరిగెత్తతా పరిగెత్తతానే ఔట్ అని పిడికిలెత్తేసినా. కోచ్ సార్ లోపలికొచ్చి అరస్తా ఉంటే "రెండూ కరెక్ట్‌గా ఒకేసారి వచ్చినాయి సార్" అన్నా. అంతే, ఇంకా పెద్ద గొడవైపోయింది. ఆ పిల్లోడు ఏడస్తా పోయినాడు, రాత్రంతా నాకు నిద్ర రాలేదు. నేనేం తప్పు చేసినా?

సీనియర్ అంపైర్, చిత్తూరు:
తమ్ముడూ, ఆ ఒక్క మాటే నిన్ను ముంచింది. మనోళ్ళకి క్రికెట్ అలవాటు కాబట్టి బెనిఫిట్ ఆఫ్ డౌట్ లెక్కలు వేస్తారు గానీ బేస్‌బాల్ రూల్‌లో ఉండేది ఒకటే, బ్యాటర్ బేస్ తొక్కకముందే, బేస్ మీద కాలు పెట్టిన ఫీల్డర్ చేతికి బాల్ చేరితే ఔట్. ఒకేసారి అని నీ నోటితో నువ్వే అంటే రూల్ ప్రకారం సేఫ్ (నాటౌట్) ఇయ్యాల్సింది ఔట్ ఇచ్చినట్టు లెక్క. కంటితో చూసి ఇచ్చిన డెసిషన్ మీద ప్రొటెస్ట్ ఉండదు, రూల్ తప్పుగా వాడినావంటే మాత్రం కోచ్ గట్టిగా అడగొచ్చు. కాబట్టి ఏది ముందో మనసులో తేల్చుకో, "బాల్ ముందొచ్చింది సార్" అను, చాలు.

ఇంకోటి, పరిగెత్తతా కాల్ ఇయ్యొద్దు. బాల్ షార్ట్‌స్టాప్ చేతికి పోతానే ఫెయిర్ సైడ్ (బేస్ గీతల లోపలి వైపు) లోపలికి రా, త్రో వచ్చే దారికి అడ్డంగా, బేస్‌కి 15-18 అడుగుల దూరంలో నిలబడు. మరీ దగ్గరకి పోతే కాలు, గ్లవ్ రెండూ కంటికి చిక్కవు. కన్ను బేస్ మీద, చెవి గ్లవ్ మీద. టప్ మన్న సద్దు ముందా, కాలు ముందా? విన్నాక ఒక్క క్షణం ఆగి, గ్లవ్‌లో బాల్ నిలిచిందో లేదో చూసి అప్పుడు పిడికిలెత్తు.

పీఈటీ, శ్రీకాళహస్తి:
నేను కోచ్ వైపు నుంచి చెప్తా. మేం వచ్చేది మా పిల్లోళ్ళు చూస్తా ఉంటారని, నీ మీద కోపంతో కాదు. ముందు "టైమ్" అని ఆట ఆపు, చేతులు కట్టుకోవద్దు, సగం వినేసి మధ్యలో మాట్లాడొద్దు. ఫస్ట్ బేస్‌మన్ (ఆ బేస్ దగ్గర బాల్ పట్టే ఫీల్డర్) కాలు బేస్ మీది నుంచి లేచిందని నేనంటే, నీకు కనపడలేదంటే, పార్ట్‌నర్‌ని పక్కకి పిలిచి అడుగు, ప్లేట్ అంపైర్ బ్యాటర్ వెనకాలే కొంచెం దూరం వస్తాడు కాబట్టి చూసే ఉంటాడు. నువ్వు అడక్కుండా ఆయన కలగజేసుకోకూడదు. బాల్స్ స్ట్రైక్స్ (పిచర్ వేసిన ఒక్కో బాల్ మీద ప్లేట్ అంపైర్ ఇచ్చే తీర్పు) గురించి వాదించే కోచ్‌కి మాత్రం వార్నింగ్ ఇయ్యాల్సిందే.

నిద్ర పట్టలేదన్నావు కాబట్టి ఇదీ చెప్తా. 2010 జూన్ 2న అమెరికాలోని డెట్రాయిట్‌లో పిచర్ గలరాగా 26 మందిని వరసగా ఔట్ చేసినాడు, 27వ బ్యాటర్ ఫస్ట్ బేస్ దగ్గర ఔటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఒక్కరినీ బేస్ మీదికి రానియ్యకుండా ముగించిన మ్యాచ్. అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ ఇచ్చేసినాడు. మ్యాచ్ అయినాక వీడియో చూసి తప్పు నాదే అని ఒప్పుకున్నాడు. మరుసటి రోజు ప్లేట్ దగ్గరున్న జాయిస్‌కి లైనప్ కార్డు (ఆడేవాళ్ళ పేర్ల జాబితా) తెచ్చి ఇచ్చింది ఆ గలరాగానే, జాయిస్ కళ్ళు తుడుచుకున్నాడు.

కొత్త అంపైర్, తిరుపతి:
థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. ఆ సద్దు సంగతి నాకు ఎవురూ చెప్పలేదు. రేపు సాయంత్రం ఎస్వీయూ గ్రౌండ్‌లో ఇద్దరు పిల్లోళ్ళని పెట్టుకుని యాభై త్రోలు చూస్తా, ఒక్కోదానికి ఆగి మరీ కాల్ ఇస్తా. ఆ కోచ్ సార్‌తో కూడా మాట్లాడాలి.